మూసిన తలుపుకు ఇవతల

నా గొంతు గురించి ఇంట్లో అడిగితే ఒక మాట చెబుతారు, కోర్టు వరండాలో అడిగితే ఇంకో మాట చెబుతారు. నేను వంటింటి గడప దగ్గర నిలబడి ఉప్పు అడిగితే మూడో ఇంటావిడ ఉప్పు డబ్బా తీస్తుందని మా ఆవిడ ఎగతాళి. కోర్టులో మాత్రం ఆ గొంతే నాకు అన్నం పెట్టింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను డఫేదారుని. తెల్ల బట్టలు, ఎర్ర పట్టీ వేసుకుని న్యాయమూర్తికి ముందు నడవడం, హాల్లో గుసగుసలు మాన్పించడం, కాగితాల కట్టలు అందించడం, అన్నిటికన్నా ముఖ్యంగా వరండాలోకి వచ్చి కక్షిదారుల పేర్లూ సాక్షుల పేర్లూ మూడేసి సార్లు పిలవడం నా పని. పేరు, తండ్రి పేరు, ఊరి పేరు. నా పిలుపు మెట్లు దిగి, గేటు దాటి, ఎదురుగా ఉన్న జిరాక్సు షాపునూ దాటి టీ కొట్టు దాకా పోయేది. టీ తాగుతున్న సాక్షి గ్లాసు అక్కడే పెట్టి పరుగెత్తి రావలసిందే.

ఏ కోర్టు అన్నది చెప్పను. తమిళనాడులోని తిరుత్తణిలో కాపురం, తిరువళ్ళూరు వైపు ఉద్యోగం, మధ్యలో లోకల్ రైలు. అంతవరకు చాలు. మాది నేతపని చేసే ఇల్లు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం ఇష్టం లేక నేను ఈ ఉద్యోగంలోకి వచ్చాను. మా నాయన చాలా రోజులు ముభావంగా ఉన్నాడు. ఒకసారి ఏదో భూమి తగాదాలో సాక్ష్యానికి వచ్చి, గేటు దగ్గర నిలబడి నా పిలుపు విన్నాడు. "పరవాయిల్లె రా, బాగానే ఉండాది, నీకు తగిన పనే దొరికింది" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

కోర్టంటే తలుపులు బార్లా తీసి ఉండాలన్నది నా నమ్మకం. ఇప్పటికీ చాలావరకు అదే నమ్మకం. మా హాల్లో వెనక బెంచీ మీద ఎప్పుడూ ఎవరో ఒకరు ఊరికే వచ్చి కూర్చునేవారు. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన రోజూ పేపరు చదవడం అయ్యాక వచ్చి మధ్యాహ్నం దాకా ఉండేవాడు. ఆయనకు ఏ కేసుతోనూ సంబంధం లేదు. ఫ్యాను గాలికి వస్తాడని గుమాస్తాలు నవ్వేవారు. నేను మాత్రం ఆయనకు చోటు చూపించి కూర్చోబెట్టేవాణ్ణి. సంబంధం లేని మనిషి ఒకడు చూస్తుంటే అందరూ కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడతారు. తలుపు మూసుకుని చేసే పని ఏదైనా నాకు అనుమానమే.

అందుకే ఆడవాళ్ళ మీద జరిగిన అఘాయిత్యాల కేసులు వచ్చినప్పుడు నాకు చిరాకుగా ఉండేది. అలాంటి విచారణ తలుపులు మూసి జరపాలని చట్టం. చట్టం కాబట్టి మూసేవాణ్ణి. ఎలా మూసేవాణ్ణంటే, గుమ్మానికి ఉన్న ఆకుపచ్చ కర్టెన్ లాగి, "అయ్యా, కొంచెం బయటికి" అని ఒక్కసారి అనేవాణ్ణి. తమ కేసు కోసం కాచుకున్న వకీళ్ళు కదిలేవాళ్ళు కాదు. వేరే కేసుకు వచ్చిన పోలీసులు గోడకు ఆనుకుని నిలబడే ఉండేవాళ్ళు. చుట్టాలు ఉండిపోయేవాళ్ళు. గది ఖాళీ చేయించడం నా బాధ్యత, నేనే పట్టించుకోలేదు. కర్టెన్ వేశాం కదా అన్నది నా లెక్క.

అలాంటి రోజుల్లో వచ్చింది ఆ అమ్మాయి. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. తిరుత్తణి చుట్టుపక్కల ఒక నేతగాళ్ళ ఊరు. గుమ్మిడిపూండిలో ఒక ఫ్యాక్టరీలో పని, అక్కడే నలుగురు అమ్మాయిలతో కలిసి అద్దె గది. నిందితుడు ఆమె పనిచేసే చోట పైవాడు. అతను ఏం చేశాడో నేను రాయను. రాయడానికి అదేమిటో నాకు తెలియదు కూడా. ఎందుకు తెలియదో చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

మొదటి వాయిదా రోజున నేను అలవాటు ప్రకారం వరండాలోకి వచ్చి ఆ అమ్మాయి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు మూడు సార్లు పిలిచాను. బాగా పిలిచాను. టీ కొట్టు దాకా అందరూ తల తిప్పి చూశారు. ఏ కేసో పక్కనున్నవాడు పక్కవాడికి చెప్పాడు. ఆ అమ్మాయి మెట్ల దగ్గర గోడవైపు తిరిగి నిలబడి ఉంది. మూడోసారి పిలిచాకగానీ కదల్లేదు. నేను విసుక్కుని "రావమ్మా, తొందరగా" అన్నాను. ఆ విసుగు తలుచుకుంటే ఈ రోజుకీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆమె వెనకాలే ఒక వ్యాను నిండా మనుషులు దిగారు. తండ్రి, చిన్నాన్నలు, మేనమామలు, వీధిలో ఇరుగుపొరుగు, అందరికీ ముందు ఆ వీధి పెద్దమనిషి. మాటల్లో మా తెలుగు వినపడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. కోర్టులో రోజంతా తమిళమే కదా. ఊరూ పేరూ విచారిస్తే దూరపు చుట్టరికం కూడా కలిసింది. పెద్దమనిషి నన్ను వరస పెట్టి "మామా" అని పిలిచాడు.

మా వీధుల్లో ఒక అలవాటు ఉంది. పడుగుకు గంజి పెట్టే రోజున నూలును వీధి పొడవునా చాపి, ఎండ ముదరకముందే గంజి పట్టించి, పోగుకు పోగు అంటకుండా విడదీయాలి. అది ఒక ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు. ఎవరి పడుగైనా సరే వీధి వీధంతా వచ్చి చెయ్యి వేస్తుంది. వచ్చి పిలిచేదాకా ఆగితే అది ఆగినవాళ్ళకే నామోషీ. ఆ అలవాటు మా ఒంట్లో ఎంత ఇంకిపోయిందంటే ఆసుపత్రికి పోయినా, బ్యాంకుకు పోయినా, పోలీసు స్టేషనుకు పోయినా మావాళ్ళు కట్టగట్టుకునే పోతారు. ఆ రోజు కూడా అలాగే వచ్చారు. పిల్ల ఒంటరిది కాదని ఆ దుర్మార్గుడికి తెలియాలని వచ్చారు. పనులు మానుకుని, చేతి డబ్బు పెట్టుకుని వచ్చారు. నాకు గర్వంగా అనిపించి, కర్టెన్ లాగేముందు వాళ్ళలో సగం మందిని ముందు బెంచీల మీద నేనే కూర్చోబెట్టాను. తండ్రికి సాక్షి బోనుకు సరిగ్గా ఎదురుగా చోటు ఇచ్చాను.

ఆ అమ్మాయి బోనెక్కింది. పేరు అడిగితే చెప్పింది. ఎక్కడ పనిచేస్తావంటే చెప్పింది. ఆ రోజు ఏం జరిగిందని ప్రభుత్వ వకీలు అడగ్గానే నోరు తెరిచింది, ఎదురుగా చూసింది, మూసుకుంది. వకీలు మళ్ళీ అడిగాడు. మళ్ళీ అంతే. వాయిదా పడింది. రెండోసారి కూడా నేను అలాగే పిలిచాను, వాళ్ళు అలాగే వచ్చారు, ఆమె అలాగే నిలబడింది. నిందితుడి వకీలు కాగితాలు సర్దుకుంటూ, చెప్పడానికి ఏమైనా ఉంటే కదా చెప్పేది అన్నాడు. ప్రభుత్వ వకీలు వరండాలో తండ్రిని పక్కకు పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఈ కేసులో వేరే సాక్ష్యం బలంగా లేదు, అమ్మాయి మాటే సర్వం, మూడోసారి కూడా నోరు తెరవకపోతే వాడు దర్జాగా ఇంటికి పోతాడు. తండ్రి తల ఊపాడు. వ్యాను ఎక్కేముందు కూతురితో, "బయపడగాకమ్మా, మేమంతా ఉండాము గదా" అనడం నేను విన్నాను.

ఆ మధ్యలో మాకు కొత్త న్యాయమూర్తి వచ్చారు. దక్షిణాది జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చిన ఆడమనిషి. పొట్టిగా, సన్నగా, కుర్చీలో కూర్చుంటే బల్లమీద తల మాత్రమే కనిపించేది. నేను ముందు నడుస్తుంటే ఆవిడ నా వెనక ఉన్నారో లేదో కూడా హాల్లో వాళ్ళకు తెలిసేది కాదు. ఆవిడ తమిళం మా వైపు తమిళంలాగా ఉండదు, మొదటి వారం సగం మాటలు నేను ఊహించుకునేవాణ్ణి. ఈవిడ ఎన్నాళ్ళు నెగ్గుకొస్తుందిలే అనుకున్నాను. నా అంచనాలన్నీ అలాగే ఏడుస్తాయి.

మూసిన విచారణ అని జాబితాలో ఉన్న మొదటి రోజునే ఆవిడ నా కర్టెన్ వైపు చూసి, చెక్క తలుపుకు గడియ ఉందా లేదా అని అడిగారు. ఉంది, తుప్పు పట్టిందన్నాను. వడ్రంగిని పిలిపించి సాయంత్రానికి బాగు చేయించారు. తలుపుకున్న అద్దానికి కాగితం అంటించమన్నారు. వరండా వైపు కిటికీకి కూడా. ఆసుపత్రి వార్డులో మంచాల మధ్య పెట్టే మడత తెర ఒకటి తెప్పించారు. సాక్షికి నిందితుడు కనపడకూడదు, నిందితుడికి మాత్రం ప్రతి మాటా వినపడాలి. ఆ తెర ఎక్కడ పెట్టాలో ఆవిడే దిగి వచ్చి, ఒకసారి బోనులో నిలబడి, ఒకసారి నిందితుడి చోట నిలబడి చూసుకున్నారు. న్యాయమూర్తి నిందితుడి చోట నిలబడడం నేను చూడడం అదే మొదటిసారి.

నాకు ఉండబట్టలేదు. చాంబర్లో కాగితాలు పెడుతూ, "అమ్మా, కోర్టంటే పదిమంది చూడాలి కదా, ఇట్లా గడియ పెట్టుకుంటే లోపల ఏం జరిగిందో ఎవరికి తెలుస్తుంది" అన్నాను. డఫేదారు న్యాయమూర్తికి చెప్పాల్సిన మాట కాదది. ఆవిడ కోప్పడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చెప్పారు: "మీరన్నది నిజమే. పదిమంది చూడకుండా ఒకరికి శిక్ష వెయ్యకూడదు. అందుకే తీర్పు తలుపులు తీసి చదువుతాను. నిందితుడు లోపలే ఉంటాడు, అతని వకీలు ఉంటారు, అడగాల్సినవన్నీ అడుగుతారు. వాళ్ళ హక్కు ఒక్కటి కూడా తగ్గించను. మిగతావాళ్ళు లోపల ఉండి చేసే పనేమిటి, చెప్పండి." హెడ్మాస్టరు గురించి చెబుదామనుకుని మానేశాను.

ఆ అమ్మాయి కేసు మూడో వాయిదా వచ్చింది. పొద్దున్నే ఆవిడ నన్ను పిలిచి, "పేర్ కూప్పిడ వేండామ్" అన్నారు. పేరు పిలవొద్దట. కేసు నంబరు కూడా వరండాలో అరవొద్దట. అమ్మాయి ఎక్కడ కూర్చుందో చూసి, దగ్గరికి వెళ్ళి, మెల్లగా చెప్పి, రికార్డు గది పక్క దారిలో తీసుకురావాలట. గొంతు వాడొద్దని డఫేదారుతో చెప్పడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. సరే అమ్మా అన్నాను.

వ్యాను ఎప్పటిలాగే వచ్చింది. ఈసారి ఇంకో ఇద్దరు ఎక్కువే ఉన్నారు. నేను ఆ అమ్మాయిని వెనక దారిలో చాంబరుకు తీసుకువెళ్ళాను. ప్రభుత్వ వకీలు అక్కడే ఉన్నాడు. న్యాయమూర్తి ఆ అమ్మాయిని కూర్చోమన్నారు. కూర్చోలేదు. మళ్ళీ చెప్పారు, కుర్చీ అంచున కూర్చుంది. "లోపల నీకు తోడుగా ఒకరిని ఉండనిస్తాను. అమ్మ, నాన్న, స్నేహితురాలు, ఎవరైనా సరే. ఎవరు కావాలి?" అని అడిగారు. ఆ అమ్మాయి చీర కొంగు వేలికి చుట్టుకోసాగింది. నేను మనసులో, నాయన అని చెప్పమ్మా, ఆయన ఎంత ఆశగా కూర్చున్నాడో, అనుకుంటున్నాను.

"ఎవరూ వద్దు" అంది తమిళంలో. తర్వాత తలెత్తి నావైపు చూసింది. "ఈయన కూడా వద్దు. ఈయన మావాళ్ళే."

నాకు ఒళ్ళు మండింది. దాచుకోను, మండింది. జీవితమంతా ఆ హాల్లో నిలబడ్డవాణ్ణి. హత్య కేసులు విన్నాను, ఏ ఒక్కటీ గుమ్మం దాటించలేదు. నన్ను నమ్మనిది ఈ పిల్లా అనుకున్నాను. న్యాయమూర్తి నావైపు చూసి, "విన్నారు కదా" అన్నారు. ఆ స్వరంలో నా మీద చిన్నచూపు ఏమీ లేదు. అమ్మాయి అడిగింది, జరగాలి, అంతే. లోపల ఉండాల్సిన వాళ్ళ ఫోన్లన్నీ ఒక ట్రేలో పెట్టించి నా చేతికి ఇచ్చారు. నేను బయటికి వచ్చాను, వెనక గడియ పడింది.

వరండాలో నా స్టూలు తలుపుకు ఆనించి వేసుకుని కూర్చున్నాను. పాత తలుపు. రెక్కల మధ్య వేలెడు సందు. చెవి పెట్టనక్కర్లేదు, ఊరికే వెనక్కి వాలితే చాలు. నన్నే పొమ్మంటుందా, చూద్దాం, అన్న దుర్బుద్ధి నాకు ఆ నిమిషంలో ఉండింది. ఉండిందని ఒప్పుకుంటున్నాను.

పెద్దమనిషి మందినంతా వెంటబెట్టుకుని వచ్చాడు. "ఏంది మామా ఇది? మమ్మల్ని బయట పెట్టి గడియ ఏసేదేంది? పదిమంది ఎదురుగా లేకుంటే దానికి దైర్యం యాడినుంచి వస్తుంది?"

"చట్టం" అన్నాను.

"రెండుతూర్లు లేని చట్టం ఇప్పుడు యాడినుంచి వచ్చింది? నువ్వు మనోడివి. నన్నూ వాళ్ళ నాయన్నూ ఉళ్ళ పంపించు. లోపల ఒగ మూల నిలబడుకుంటాం."

"కుదరదప్పా. పైగా ఆ పిల్లే ఎవరూ వొద్దనింది" అని నోరు జారాను.

పెద్దమనిషి నమ్మలేదు. ఎవరో నేర్పించి ఉంటారన్నాడు. అందరూ ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టారు. తండ్రి మగ్గం మీద వంగి వంగి భుజాలు ముందుకు పడ్డ మనిషి. ఆయన నా దగ్గరికి వచ్చి నా స్టూలు పక్కన నేల మీదే కూర్చున్నాడు.

"ఎవురూ వొద్దనిందా అన్నా?"

"అవును."

"నేను గూడానా?"

అబద్ధం చెప్పవచ్చు. చెప్పి ఉంటే బాగుండునని ఆ క్షణంలో అనిపించింది. "నువ్వు గూడా. నేను గూడా. నన్ను ముందర పొమ్మనింది" అన్నాను.

ఆయన అరచేతులు చూసుకున్నాడు. తర్వాత నాతోనో తనలో తానో తెలియకుండా చెప్పాడు. "రెండుతూర్లూ నేను ఎదురుగ్గానే కూసోనుంటిని. నోరు తెరిసేది, నా మొగం చూసేది, మూసుకునేది. దైర్యం చెప్తా ఉండానని నేను అనుకుంటా ఉండా. అది నన్ను చూసే ఆగిపోయింది అన్నా. నేను యాడ ఇరిగిపోతానో అని ఆగిపోయింది."

రెండు వాయిదాల్లోనూ ఆయన్ను ఆ చోట కూర్చోబెట్టింది నేనే. మంచి చోటని ఏరి మరీ కూర్చోబెట్టాను.

ఆయన లేచి మందివైపు తిరిగాడు. "అందురూ కిందికి పోదాం పాండి" అన్నాడు. పెద్దమనిషి, "వచ్చింది ఎవురికోసం? దానికోసం గాదా?" అని గయ్యిమన్నాడు. "దానికోసరమే అన్నా వచ్చినాము. దానికోసరమే పోదాం. ఎవురన్నా ఈడ నిలబడితే నా మింద ఒట్టే" అన్నాడు తండ్రి. ఆయన ఎన్నడూ పెద్దమనిషికి ఎదురు చెప్పినవాడు కాదని మిగతావాళ్ళ ముఖాలు చూస్తే తెలిసింది. ఒక్కొక్కరే మెట్లు దిగారు. పెద్దమనిషి అందరికన్నా ఆఖరున దిగాడు, దిగుతూ కూడా గొణుక్కున్నాడు, కానీ దిగాడు.

తండ్రి రెండు మెట్లు దిగి మళ్ళీ వెనక్కి వచ్చాడు. "ఈడికి వినపడదు గదా అన్నా?" అని అడిగాడు. ఆయన అనుమానించి అడగలేదు. నన్ను నమ్మి, కోర్టు మనిషిని కాబట్టి తెలుస్తుందని అడిగాడు. నేను "వినపడదు" అన్నాను. ఆయన మెట్ల మలుపు తిరిగాక లేచి, స్టూలు ఎత్తుకుని, వరండా చివర పై మెట్టు దగ్గరికి మార్చుకున్నాను. అక్కడ కూర్చుంటే కింద బైకులు స్టార్టు చేసే చప్పుడు, జిరాక్సు మిషను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. నా చెవుల మీద నాకు నమ్మకం లేదు, అందుకని దూరాన్ని నమ్ముకున్నాను.

విచారణ పొద్దుటినుంచి సాయంత్రం దాకా నడిచింది. మధ్యలో రెండుసార్లు గడియ తీసి కాసేపు ఆపారు. వేరే కేసుల వకీళ్ళు ముగ్గురు నలుగురు వచ్చి, "మేం లాయర్లమయ్యా" అంటూ తలుపు దగ్గరికి పోబోయారు. ఎప్పుడూ వంగి దండం పెట్టేవాణ్ణి, ఆ రోజు దారికి అడ్డంగా నిలబడ్డాను. హెడ్మాస్టరు కూడా వచ్చాడు. "ఈ రోజు లేదు సార్" అన్నాను. ఆయన ఒక్క ప్రశ్న అడగకుండా గొడుగు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన మీద నాకున్న గౌరవం ఇంకాస్త పెరిగింది. మధ్యాహ్నం కింద చూస్తే మావాళ్ళందరూ గేటు అవతల వ్యాను నీడలో కూర్చుని ఉన్నారు. పులిహోర పొట్లాలు విప్పారు కానీ ఎవరూ తింటున్నట్టు లేదు.

సాయంత్రం నాలుగు దాటాక తలుపు పూర్తిగా తెరుచుకుంది. ముందు నిందితుణ్ణి తీసుకుపోయారు. అతని వకీలు నుదురు తుడుచుకుంటూ వచ్చాడు, పొద్దుటి హుషారు లేదు. టైపు చేసే క్లర్కు వచ్చింది. నాతో రోజూ లోకల్ రైల్లో వచ్చే మనిషి. నా దగ్గర ఆగి, "చెప్పింది" అంది. అంతే. రైల్లో పక్క పక్కన కూర్చుని ఇంటికి పోయినప్పుడు కూడా ఆవిడ ఇంకో మాట చెప్పలేదు, నేను అడగలేదు.

హాలు సర్దడానికి లోపలికి పోయాను. బోను ఖాళీగా ఉంది, అందులో ఎవరూ నిలబడ్డ గుర్తులు లేవు. న్యాయమూర్తి బల్ల దగ్గరగా, పక్కన, ఒక కుర్చీ ఉంది. ఆవిడ చాంబర్లోని మెత్తటి కుర్చీ అది. ఆవిడ నీళ్ళ కూజా ఆ కుర్చీ ముందు ఉంది. బల్ల మీద ఎప్పుడూ ఆవిడ వైపు తిరిగి ఉండే చిన్న ఫ్యాను అటువైపు తిప్పి ఉంది. ఉక్కపోసే గదిలో, కిటికీలన్నీ మూసి, ఆవిడ గాలి లేకుండా రోజంతా కూర్చున్నారు. నేను లోకువగా చూసిన మనిషి ఈవిడా అని సిగ్గేసింది. చాంబరుకు పోతే ఆవిడ మాత్రం రేపటి జాబితా ఏదని అడిగారు, మామూలుగా.

ఆ అమ్మాయిని వెనక దారిలోనే మెట్ల దాకా దిగబెట్టాను. గేటు దగ్గర మావాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఎవరో ఏదో అడగబోయారు. తండ్రి చెయ్యి అడ్డం పెట్టి, "అది పొద్దుటాల నుంచీ ఏమీ తినలేదు" అన్నాడు. ఆమెను వ్యానులో కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. ఆమె పులిహోర పొట్లం తీసుకుని గబగబా తినడం నేను మెట్ల మీదినుంచి చూశాను.

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. చెప్పినట్టే ఆవిడ తలుపులు బార్లా తీయించారు, అద్దాలకు అంటించిన కాగితాలు పీకించారు. హాలు కిక్కిరిసింది. హెడ్మాస్టరు తన బెంచీ మీద ఉన్నాడు. ఆవిడ ఎక్కడా అమ్మాయి పేరు పలకకుండా, నేరం రుజువైందనీ, శిక్ష ఇంతనీ, ఎందుకనీ, వెనక బెంచీ దాకా వినపడేటట్టు చదివారు. అంత చిన్న మనిషికి అంత గొంతు ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

తీర్పు నకలు తీసుకోవడానికి మరో రోజు తండ్రీ కూతురూ ఇద్దరే వచ్చారు. వ్యాను లేదు, రైల్లో వచ్చారు. నకలు కవరు సంతకం పెట్టించుకుని నేనే తెచ్చి ఇచ్చాను. తండ్రి చేతులు చాపాడు కాబట్టి ఆయన చేతిలోనే పెట్టాను. ఆయన తమిళం కూడబలుక్కుని చదవగలడు, టీ కొట్లో పేపరు చదివే మనిషే. కవరు బరువు చూశాడు. "ఆ పొద్దు అది చెప్పిందంతా దీంట్లో ఉంటుందా అన్నా?" అని మెల్లగా అడిగాడు. ఉంటుందన్నాను. ఆయన దాన్ని ఒకసారి తిరగేసి, అంటించిన చోట బొటనవేలితో నొక్కి, విప్పకుండా కూతురి చేతికి ఇచ్చాడు.

ఇంటికి పోయి చూసుకుంటుందనుకున్నాను. ఆమె అక్కడే వరండా బెంచీ మీద గోడవైపు జరిగి కూర్చుని కవరు చించింది. వాయిదాల రోజు, మనుషులు వస్తున్నారు, పోతున్నారు, ప్రతివాడి కళ్ళూ చేతిలో ఉన్న కాగితం మీదే. తండ్రి అది గమనించాడు. లేచి వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాడు, ఆమెకు వీపు పెట్టి, మాకు ఎదురుగా, రెండు చేతులూ నడుం మీద ఆనించుకుని వెడల్పుగా. అంతలో ఆయన ఫోను మోగింది. పెద్దమనిషి. తీర్పులో ఏం రాసినారో చదవమని అడుగుతున్నట్టున్నాడు. "అది చదువుకుంటా ఉండాది అన్నా. నాకు తెలీదు" అని పెట్టేశాడు.

చాలా పేజీలు. నేను రెండు కేసులు పిలిచి వచ్చేసరికి కూడా ఆయన అలాగే నిలబడి ఉన్నాడు. కాళ్ళు మార్చుకుంటున్నాడు కానీ వెనక్కి తిరగలేదు.

"నాయనా" అంది చివరికి ఆ అమ్మాయి, "నేను చెప్పిందంతా రాసినారు. ఒగ మాట గూడా ఇడిసిపెట్టలేదు."

ఆయన అప్పుడు తిరిగాడు. తల మీద చెయ్యి పెట్టి, "సరిమ్మా" అన్నాడు. ఏం చెప్పావని మాత్రం అడగలేదు.